గుడ్డ కట్టిన బీరకాయ

బందరులో ఉద్యోగం వెలగబెట్టిన ఆ కొద్ది సంవత్సరాల్లో నేను నా కోసం స్నానం చేసిన పాపాన పోలేదు. చేసిన ప్రతి స్నానమూ బీరపాదు కోసమే చేశాను.

పొద్దున్నే అమ్మ పెరట్లో పీట వేసేది. పాదుకి జానెడు ఎగువన. చెంబుతో పోసుకున్న నీళ్ళు నా నెత్తి మీద పడి, వీపు మీదుగా జారి, తిన్నగా పాదులోకి దిగాలి. ఒక్క చుక్క దారి తప్పినా ఆ తప్పు నా వీపుది. "కాస్త కుడివైపు వంగరా, ఆ పక్క వేరు తడవటంలేదు" అని వంటింట్లోంచి కేకేసేది. వంగేవాణ్ణి. ఇప్పటికీ నా కుడిభుజం ఎడమభుజం కంటే అంగుళం దిగువన ఉంటుంది. చొక్కా కుట్టే ప్రతి దర్జీ కారణం అడుగుతాడు. సబ్బు మా ఇంట్లో నిషిద్ధం. సున్నిపిండికి మాత్రం అనుమతి, అదీ పాదుకి పడుతుందని తేలాకే. చుట్టాలొస్తే కాళ్ళు కడుక్కోవడానికి గుమ్మం దగ్గర నీళ్ళిచ్చేది కాదు, పెరట్లోకి నడిపించేది. గుడివాడ నుంచి వచ్చిన మా పెదనాన్న "నా కాళ్ళు శుభ్రంగానే ఉన్నాయమ్మా" అంటే, "మీకు అక్కర్లేకపోవచ్చు బావగారూ, దానికి కావాలి" అంది.

ఇంత కరువెందుకంటే, బందరు నేల ఉప్పు. నుయ్యి ఉప్పు. గాలి కూడా ఉప్పే. మా తలుపు గొళ్ళేలు తుప్పు పట్టి బిస్కట్లలా విరిగేవి. ఆ ఇంట్లో దిగిన రోజున అమ్మ సామాను విప్పకముందే పెరట్లోకి వెళ్ళి, చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, "దీంతో చారు కాచుకోవచ్చు. వేరే ఉప్పు వెయ్యక్కర్లేదు" అని తీర్పు చెప్పింది. మంచినీళ్ళు వీధి కొళాయిలో పొద్దున కాసేపు వచ్చేవి. ఆ కాసేపూ వీధి వీధంతా బిందెలతో యుద్ధం. నేను తెచ్చిన ప్రతి బిందె నీళ్ళూ ముందు బియ్యం కడగాలి, లేదా నన్ను కడగాలి. ఆ తర్వాత మొక్కల దగ్గరికి వెళ్ళాలి. ఒకే నీళ్ళతో రెండు పనులు చెయ్యని మనిషిని అమ్మ మనిషిగా జమకట్టేది కాదు.

పెరడంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. మంచం వేస్తే దిగడానికి చోటుండదు. పిల్లి ఒళ్ళు విరుచుకుంటే దాని తోక పక్కవాటాలో ఉండేది. అంత జాగాలో అమ్మ ఒక రాజ్యం స్థాపించింది. కాలవ పూడిక తీసి గట్టున పోసిన ఒండ్రుమట్టిని గోనెసంచుల్లో నా సైకిలు మీద చేరవేయించింది. పగిలిన కాగులో తోటకూర, కిరసనాయిలు డబ్బాలో మిరప, అడుగూడిన బకెట్టులో గోంగూర, నాన్నగారి ట్రంకుపెట్టె మూతలో కొత్తిమీర. నా బూటు కాస్త చిరిగినప్పుడు దాన్ని వీధి అరుగు మీద విడవడం మానేశాను. విడిస్తే తెల్లారేసరికి అందులో పుదీనా ఉండేది.

"జీతం నువ్వు తెస్తావు. కూర నేను తెస్తాను. నువ్వు బజారుకి సంచి పట్టుకెళ్ళిన రోజున ఈ ఇంట్లో నాకిక పని లేదు" అనేది. నవ్వుతూ అనేది కాదు. నాన్నగారు పోయాక, కొడుకు నీడన చేరిన మనిషికి ఇది నాది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ కాగులూ డబ్బాలే.

వీటన్నిటికీ మహారాజు బీరపాదు.

ఆ బీర బందరుది కాదు. అమ్మ పుట్టిల్లు దివిసీమలో, ఏటి ఒడ్డున. పులిగడ్డ రేవులో పడవ దాటి, ఇంకా చాలా దూరం నడవాలి. ఆ ఇంటి పెరట్లో వాళ్ళమ్మమ్మ కాలం నుంచీ ఒక పొడుగు బీర కాసేది. చేయెత్తు మనిషి భుజం మీద వేసుకుంటే కొస మోకాలికి తగులుతుందని అమ్మ చెప్పేది. నేను మనిషి అంత పొడుగని చెబుతుంటాను; మీరు అమ్మ లెక్కే తీసుకోండి. పొట్టు తీయక్కర్లేనంత లేత, పాలు పోసినట్టు తీపి. మేము బందరు వచ్చాక ఒక సంవత్సరం కృష్ణ ఒడ్డు కోసుకుంటూ వచ్చి పెరడుతో సహా ఇంటిని తీసుకుపోయింది. మా మేనమామ పెట్టే బేడా సర్దుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఇక ఆ విత్తనం ఉన్నది భూప్రపంచంలో మా వంటింటి పొయ్యి మీద వేలాడదీసిన ఒక్క ఎండుబీరకాయలోనే. ఎలకలకి ఆ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. విత్తే వేళకి అమ్మ కాయ దులిపితే నాలుగు గింజలు రాలాయి.

నాలుగూ మొలిచాయి. ఆ నాలుగు మొలకల మీద అమ్మ చూపించిన శ్రద్ధ నా మీద చూపించి ఉంటే నేను ఈపాటికి కలెక్టరునై ఉండేవాణ్ణి.

ఇక్కడ పక్కవాటావిడ కథలోకి వస్తారు. ఆవిడ బడిలో పంతులమ్మ. భర్త లేరు. ఆదివారం ఇస్త్రీ మడత నలగని తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేవారు. మా రెండు వాటాలకీ ఒకే పెంకుల కప్పు, ఒకే పెరడు, మధ్య మోకాలెత్తు గోడ. అమ్మా ఆవిడా ఒకరినొకరు "వదినగారూ" అని పిలుచుకునేవాళ్ళు. పచ్చళ్ళు గోడ దాటేవి.

ఒక పొద్దున మేము ఊళ్ళో లేని సమయంలో ఆవిడ చేపలు కడిగారు. దివిసీమలో బీరపాదుకి చేపలు కడిగిన నీళ్ళు పోస్తారనీ, దాంతో కాయ అంత పొడుగు పెరుగుతుందనీ ఆవిడతో గోడ మీద కూర్చుని చెప్పింది మా అమ్మే. వదినగారికి మేలు చేద్దామని పంతులమ్మగారు ఆ గుండిగెడు నీళ్ళూ తెచ్చి మా పాదుల్లో పోశారు. దివిసీమలో చేపలంటే ఏటి చేపలు. బందరులో ఆవిడ కడిగింది వానాకాలానికి నిలవ తెచ్చుకున్న ఉప్పుచేపలు. బంగాళాఖాతాన్ని గుండిగలో ముంచి తెచ్చి పోసినట్టయింది.

మూడు పాదులు తలలు వాల్చేశాయి. అమ్మ ఒండ్రు తవ్వి పారబోసింది, కొత్త ఒండ్రు పోసింది, కొళాయి వచ్చినంతసేపూ నన్ను బిందెలతో పరిగెత్తించింది. లాభం లేకపోయింది. ఆ మూలగా గట్టు ఎత్తులో ఉన్న నాలుగో పాదుకి మాత్రం ఆ నీళ్ళు అందలేదు.

పంతులమ్మగారు తప్పు ఒప్పుకోవడానికి వచ్చారు. "మేలనుకున్నాను వదినగారూ" అన్నారు. అమ్మ వినలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే మౌనంగా ఉన్నారనుకునేరు. అంతకు ముందుకంటే రెట్టింపు మాట్లాడుకున్నారు, కాకపోతే నా ద్వారా. పీట మీద నేను కూర్చుని ఉండగా అమ్మ ఇటు నుంచి, "ఒరే, కొంతమంది పిల్లలకి చదువు చెబుతారుట. చేప తీపో ఉప్పో తెలియనివాళ్ళు ఏం చదువు చెబుతారో!" అనేది. అటు నుంచి ఆవిడ, "ఏం బాబూ, చేపనీళ్ళు అన్నవాళ్ళు ఏ చేపో కూడా చెప్పాలిగా? పాఠం సగం చెబితే పరీక్షలో పిల్లలు తప్పుతారు" అనేవారు. సున్నిపిండి కళ్ళలో పడి నేను ఇద్దరికీ తలూపేవాణ్ణి.

మిగిలిన ఆ ఒక్క పాదు ఉక్రోషం వచ్చినట్టు ఎగబాకింది. పందిరి చాలక కప్పు ఎక్కింది. కప్పెక్కి, మా వైపు బోలెడు జాగా ఉండగా, తిన్నగా పంతులమ్మగారి పెంకుల మీదికి పాకింది. దానికీ మాకూ ఏం పగో! తొలికాయ దేవుడికి పెట్టాం. తర్వాతవి కూరయ్యాయి, తొక్కుపచ్చడయ్యాయి. విత్తనానికి మాత్రం తొలికాయ పనికిరాదు, కొసకాయ పనికిరాదు, నడితీగ కాయే కావాలని అమ్మ పట్టు. ఆ నడితీగ కాయ కాసింది పంతులమ్మగారి పెంకుల అంచున, ఆవిడ వంటింటి కిటికీ పైన వేలాడుతూ.

అమ్మ మా వైపు నుంచే నిచ్చెన వేయించి, నన్ను ఎక్కించి, దాని తొడిమకి తన పాత చీర అంచు చింపి ఎర్రగుడ్డ కట్టించింది. గుడ్డ కట్టిందంటే అది విత్తనపు కాయ. ఆకలితో చచ్చిపోతున్నా ఎవరూ కోయకూడదు. తీగ మీదే ముదిరి, ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అందాకా దానికి వెయ్యి గండాలు. వాటిలో అన్నిటికంటే పెద్ద గండం వేలు. పెరిగే కాయని వేలుపెట్టి చూపిస్తే కుళ్ళిపోతుందని అమ్మ నమ్మకం. అందుచేత మా పెరట్లోకి వచ్చినవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకోవాల్సిందే. మా ఇంటికి వచ్చే చాకలి కూడా ఖైదీలా నడిచి వెళ్ళేవాడు.

అవి తిండి కొరత రోజులు. ఖాళీ జాగా కనిపిస్తే కూరగాయలు వేయమని గోడ గోడకీ బొమ్మలు అంటించారు. మా ఆఫీసరుగారికి అందులో మహా ఉత్సాహం. తన కింద పనిచేసేవాళ్ళు ఇళ్ళలో ఏం పండిస్తున్నారో స్వయంగా చూస్తానని ఒక సాయంత్రం చెప్పా పెట్టకుండా మా ఇంటికొచ్చేశాడు. మనిషి పీపా అంత. ఆయన పెరట్లోకి రావాలంటే ముందు నేను బయటికి పోవాల్సి వచ్చింది. గోంగూర బకెట్టు చూసి ఆనందపడ్డాడు. ట్రంకుపెట్టె మూత చూసి ముచ్చటపడ్డాడు. తలెత్తాడు.

"వెరీ గుడ్! అదేమిటయ్యా ఆ పెంకుల మీద, ఎర్రగుడ్డ కట్టి?"

అని చేతిలో గొడుగెత్తి, దాని మొన సూటిగా కాయ వైపు పెట్టాడు.

అమ్మ వెనక్కి కట్టుకున్న చేతులు మరింత బిగించింది. ఆయనతో ఏమనగలదు? ఆయన కోపమొస్తే నా ఉద్యోగం గల్లంతు. నేను మాత్రం, "బీరకాయండీ, ఎండ తగ్గింది, లోపలికి రండి, కాఫీ..." అంటున్నాను.

"ఏదీ, అదేనా? దాని పక్కదా?" అంటూ మళ్ళీ చూపించాడు. నాకు సరిగ్గా కనపడలేదేమోనని నా భుజం పట్టుకుని తిప్పి ఇంకోసారి చూపించాడు. గోడకి అవతల పంతులమ్మగారు బట్టలు ఆరేస్తూ ఇదంతా చూస్తున్నారు. ఎవరి వైపూ చూడకుండా, "పాపం" అన్నారు. ఎవర్ని అన్నారో తెలియదు.

ఆయన కాఫీ తాగి వెళ్ళాక అమ్మ అంది, "పోయింది."

"ఇంకా వేలాడుతోంది కదమ్మా."

"వేలాడుతోంది. పోయింది."

ఆ క్షణం నుంచి ఆ కాయ వైపు అమ్మ తలెత్తి చూడలేదు. కర్రకి కొక్కెం కట్టి నా చేత ఎర్రగుడ్డ లాగించేసింది. నేను దొంగచాటుగా అప్పుడప్పుడూ చూసేవాణ్ణి. కొన్నాళ్ళకి దాని పచ్చదనం పోయి, మచ్చలు పడి, గోధుమరంగు తిరగసాగింది. కుళ్ళడమంటే ఇదే కాబోలనుకున్నాను.

అప్పటికి పాదు అలిసిపోయింది. మగపూలే పూస్తోంది. అమ్మ ప్రతి సాయంత్రం పందిరి కింద నిలబడి, తీగ తీగనీ కళ్ళతోనే వెతికేది, చేతులు వెనక్కి కట్టుకుని. చివరికి మా పందిరి నడుమ, ఆకుల చాటున, ఒక్క పిందె కనిపించింది. ఎర్రగుడ్డ దానికి మారింది. ఆ పిందె కోసం నేను పూటకోసారి స్నానం చేశాను. దగ్గు పట్టుకుంది. "పిందె నిలబడింది, నీకు దగ్గయితే ఏం, తగ్గిపోతుంది" అని అమ్మ ధైర్యం చెప్పింది.

పిందె జానెడు కాయ అయ్యేసరికి ఆకాశం రంగు మారింది. రేవులో ప్రమాదం జెండా ఎగరేశారని ఆఫీసులో చెప్పుకున్నారు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలిలో ఒక మూలుగు. బందరువాళ్ళకి ఆ మూలుగు వినపడితే చాలు, మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేస్తారు. నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ బియ్యం డబ్బా అటక ఎక్కించలేదు, మంచాలు లోపల పెట్టలేదు. కాయకి గంప బోర్లించి, గంపని పందిరి గుంజకి నా కొత్త పంచెతో కట్టేస్తోంది.

"పంచెతోనా!"

"తాడు తెగుతుంది. పంచె తెగదు."

పక్కవాటాలో అప్పటికే వేరే హడావిడి. పంతులమ్మగారి అమ్మాయి పురిటికి వచ్చి ఉంది, అల్లుడు గుడివాడలో ఉద్యోగం. గాలి మొదలవడానికి కొన్నాళ్ళ ముందే అమ్మాయి ప్రసవమైంది, ఆడపిల్ల. అమ్మాయికి జ్వరం. మాటల్లేని కారణంగా అమ్మ వెళ్ళి చూడలేదు. నా చేత మాత్రం, "ఒరే, వాము కషాయం ఇస్తే మంచిదని గట్టిగా అను" అని గోడ దగ్గర నిలబెట్టి అనిపించింది. నేను గోడతో గట్టిగా అన్నాను.

గాలివాన గురించి ఎంత చెప్పినా తక్కువే, నేను చెబితే ఎక్కువ అంటారు. మా వీధి చివరి తాటిచెట్టు ఇంకో పేటలో తేలిందని మాత్రం చెప్పి వదిలేస్తాను. పెంకులు కాకుల గుంపులా లేచిపోయాయి. పక్కవాటా కప్పు ఒక వైపు తెరుచుకుంది. ఆవిడ లోపల నిచ్చెన ఎక్కి ఏదో లాగుతున్న చప్పుడు, అమ్మాయి కేకలు. నేను వానలో పరిగెత్తి వెళ్ళి గోనెపట్టాలు కప్పి వచ్చాను. "అమ్మాయి ఎలా ఉంది?" అని అమ్మ అడిగింది. ఆ తర్వాతే గంప సంగతి అడిగింది. మా అమ్మ వరస తప్పడం నేను చూసింది అదొక్కసారే.

గాలి తగ్గాక చూస్తే పందిరి సగం నేల మీద ఉంది. కప్పు మీది తీగ మొత్తం తెగి ఎటో పోయింది. తోటకూర కాగు మాయం. కాని గుంజ నిలబడింది, పంచె తెగలేదు. గంప ఎత్తి చూస్తే కాయ పచ్చగా, తడిసి మెరుస్తూ, ఎర్రగుడ్డతో సహా పదిలంగా ఉంది. అమ్మ ఎర్రగుడ్డ ముడి మళ్ళీ బిగించింది.

ఊరికి దారులన్నీ మునిగాయి. గుడివాడ లైను మీద నీళ్ళు, రైళ్ళు లేవు. లంకల నుంచి కూరగాయలు తెచ్చే పడవలు రేవులకే రాలేదు. బజారుకి పోయి చూశాను. కూరగాయల గంపలు బోర్లించి వాటి మీద మనుషులు కూర్చున్నారు. ఎండుమిరపకాయలూ చింతపండూ తప్ప ఏమీ లేదు. మేము గోంగూరతో నెట్టుకొచ్చాం.

పక్కవాటాలో పసిపిల్ల ఏడుపు ఆగలేదు. అదేం ఏడుపో, గోడలోంచి వచ్చి మా కంచాల్లో పడేది. నర్సమ్మ వచ్చి వాకిట్లో నిలబడి చెబుతుంటే మాకు ప్రతి మాటా వినిపించింది: "జ్వరం తగ్గిందండీ. ఇక పథ్యం మొదలుపెట్టండి. ఉత్త వెల్లుల్లికారం అన్నం ఆ పిల్ల మింగలేకపోతోంది, తినకపోతే పాలెక్కడివి? లేత బీరకాయ వండి పెట్టండి, తేలిగ్గా దిగుతుంది."

"బీరకాయ ఎక్కడ తేను?" అన్నారు పంతులమ్మగారు. అంతే. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. మా గోడ వైపు తిరగలేదు. మా పందిరి నడుమ మూరెడు బీరకాయ ఎర్రగుడ్డతో ఊగుతూ ఆవిడ వంటింటి కిటికీలోంచి నిక్షేపంగా కనిపిస్తుంది. అది విత్తనపు కాయ అని ఆవిడకి తెలుసు. గుడ్డ కట్టిన కాయని అడగకూడదనీ తెలుసు.

అమ్మ పందిరి కింద నిలబడింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. లేత బీర ఒక్క రోజులో ముదురుతుంది. ఇవాళ కూర, రేపు పీచు. రేపటిదాకా ఆగితే ఇక ఎవరూ అడగడానికీ, ఎవరూ ఇవ్వడానికీ ఏమీ ఉండదు. ఆ కాయ కోస్తే వాళ్ళమ్మమ్మ బీర ప్రపంచంలో ఆఖరు. ఏటి ఒడ్డున ఇల్లు పోయింది, పెరడు పోయింది. మిగిలింది ఇదే.

"అమ్మా" అన్నాను.

"నువ్వు మాట్లాడకు."

పసిపిల్ల ఏడుపు ఒక్కసారి ఆగింది. ఆగిందంటే తాగుతోందా, ఏడవడానికి ఓపిక లేక ఆగిందా తెలియదు. అమ్మ గోడ వైపు చూసింది. మళ్ళీ మొదలైంది, ఈసారి సన్నగా, పిల్లికూనలా.

అమ్మ ముడి విప్పడం మొదలుపెట్టింది. బిగించిన ముడి వేళ్ళకి జారలేదు. పళ్ళతో లాగింది. గుడ్డ బొడ్డులో దోపుకుంది. కత్తిపీట తెమ్మంటుందనుకున్నాను, చేత్తోనే తుంపింది. తర్వాత నా చేతికి ఇవ్వలేదు. మోకాలెత్తు గోడ, తనే దాటింది. నేను వెనకాలే వెళ్ళాను. చేపల రోజు తర్వాత ఆ గోడ దాటడం అదే మొదలు.

పంతులమ్మగారు పొయ్యి ఊదుతున్నారు. తలెత్తి, కాయ చూసి, లేచి నిలబడ్డారు.

"ఇదా! వద్దు వదినగారూ. విత్తనానికి గుడ్డ కట్టుకున్న కాయ!"

"గుడ్డ విప్పేశాను. ఇప్పుడది కూర."

"నేను అడగలేదు."

"అడిగితే ఇచ్చేదాన్ని కాదు. పొట్టు తీయకండి, లేతది. వెల్లుల్లి దంచి వెయ్యండి, మిరపకాయ వద్దు. నీళ్ళు పొయ్యకండి, దాన్లోనే ఉంటాయి." గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూసి, "ఉప్పు మాత్రం చూసి వెయ్యండి" అంది.

పంతులమ్మగారికి కోపం రావాల్సింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. పొయ్యి మీది పొగలోకి ఒకసారి చూసి, ఏదో చెప్పబోయి, ఆగిపోయారు. పొగకి కళ్ళు మండుతున్నాయేమో అనుకుని నేను వెనక్కి వచ్చేశాను.

అమ్మాయి తిన్నది. మర్నాటికో ఆ మర్నాటికో ఏడుపు తగ్గింది. మా పాదు మాత్రం మళ్ళీ పిందె వెయ్యలేదు. అమ్మ కొన్నాళ్ళు ఎదురుచూసింది, తర్వాత చూడటం మానేసింది. ఒక పొద్దున పెరట్లో పీట కనిపించలేదు. "స్నానాలగదిలో నీళ్ళు పెట్టాను. సబ్బు కూడా ఉంది" అంది.

నేను ఎన్నాళ్ళుగానో కలలు కన్న సబ్బు. వాసన పదిళ్ళకి కొట్టే సబ్బు. ఒళ్ళంతా నురగ చేసుకుని కూర్చున్నాను. నీళ్ళు తూములోంచి ఎవరికీ ఉపయోగం లేకుండా వీధి కాలవలోకి పోతున్న చప్పుడు వింటుంటే నాకు సహించలేదు. కుడివైపు వంగి చూశాను. ఎటు వంగినా ఒకటే.

ఆ వారంలోనే అమ్మ నా చేతిలో సంచి పెట్టింది. "బజారులోకి కూరగాయలు వస్తున్నాయిట, ఏమన్నా తే" అంది. నేను సంచి పట్టుకుని నిలబడిపోయాను.

"ఎక్కడికి బాబూ?" అన్నారు పంతులమ్మగారు. గోడ దాటి మా పెరట్లోకి వస్తున్నారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఉన్నారు, మా చాకలిలా. అమ్మ ఎదురుగా వచ్చి నిలబడి, వెనక నుంచి చెయ్యి ముందుకి తెచ్చి, ఊపారు.

గల గల గల.

ఎండి, చిల్లులు పడ్డ పీచుతో, పొగచూరి నల్లబడ్డ బీరకాయ. అమ్మ ముందు కాయ వైపు చూడలేదు, ఆ చప్పుడు వైపు చూసింది.

"ఇది..."

"ఆ గొడుగాయన చూపించిందే. గాలివాన రోజున పెంకులు లేచిపోతుంటే లోపల్నుంచి లాగేశాను. తొడిమ తెగింది. వంటింట్లో పొయ్యి మీద కట్టాను. మీరు కాయ తెచ్చిన రోజే మీకు చెబుదామనుకున్నాను వదినగారూ. గింజ ముదిరిందో లేదో నాకేం తెలుసు? నాకు చేపలే సరిగ్గా తెలియవు. గలగలమనకుండా చెప్పి, ఆశపెట్టి, రెండోసారి మీ ఉసురు పోసుకోనా?"

అమ్మ కాయ అందుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మళ్ళీ ఊపింది. కొస విరిచి అరచేతిలో వంపుకుంది. నల్లటి గింజలు, నిండుగా, నిగనిగలాడుతూ. మా ఇంట్లో ఏడవడం నా వంతు కాబట్టి నేను ఏడ్చాను.

"అయితే మరి," అన్నారు పంతులమ్మగారు మెల్లిగా, "అంతమంది చేతులు కట్టించారు కదా! ఆయన అన్నిసార్లు చూపించినా ఏమీ కాలేదే? మాకా పట్టింపు ఎప్పుడూ లేదు. నేను రోజూ కిటికీలోంచి మా అమ్మాయికి వేలు పెట్టే చూపించేదాన్ని."

అమ్మ గింజలు లెక్కపెట్టడం ఆపింది. నేను చాలామంది ప్లీడర్లని విన్నాను. బందరు కోర్టుల్లో వాళ్ళకి కొదవా? కాని తడుముకోకుండా అంత జవాబు చెప్పినవాణ్ణి చూడలేదు.

"ఆయన చూపించింది వేలితో కాదు, గొడుగుతో. గొడుక్కి దోషం లేదు. ఇహ మీరంటారా, కిటికీ ఊచల్లోంచి చూపించారు. మధ్యలో ఇనుము అడ్డుంది."

పంతులమ్మగారు అరచెయ్యి చాచారు. గింజలు చెరిసగం అయ్యాయి. అమ్మ వాటిని బూడిదలో కలుపుతూ, మీ వైపు గట్టు ఇంకా ఎత్తు చెయ్యాలంది. ఆవిడ, ఎత్తు సరే, మీ పాదు ఈసారి మీ కప్పు మీదే పాకేట్టు చూసుకోండన్నారు. మాటా మాటా పెరిగింది, నా అవసరం లేకుండానే. నేను సంచి మడిచి మేకుకి తగిలించాను.

విత్తే వేళకి పంతులమ్మగారి అల్లుడు భార్యనీ బిడ్డనీ తీసుకెళ్ళడానికి గుడివాడ నుంచి వచ్చాడు. కొత్త అల్లుడు, ఇస్త్రీ బట్టలు, జేబులో దువ్వెన, చేతిలో సువాసన సబ్బు. గోడకి అటు ఒక పీట, ఇటు ఒక పీట వేసి ఉన్నాయి. నేను అప్పటికే ఇటుది ఎక్కి ఉన్నాను.

"బావగారూ," అన్నాడు నాతో, కంగారుగా, "స్నానం ఇక్కడ, ఇలా, అందరి ఎదురుగానా?"

"సబ్బు లోపల పెట్టేసి రండి" అన్నాను. "వచ్చి కూర్చుని, కాస్త ఎడమవైపు వంగండి."